నలభై ఒకటో పుటలో మూడు ఖాళీ వరుసలు

ఎడమ చివర తాను, తన పక్కన తోలు సంచీ, సంచీ పక్కన పాత శిష్యురాలు మాజిదా, మాజిదా పక్కన తొండుపల్లి నుంచి వచ్చిన ఎవరో పెద్దావిడ, కుడి చివర మాజిదా వాళ్ళన్న ఎజాజ్ లేచి వెళ్ళగా మిగిలిన ఖాళీ కుర్చీ, విమానాశ్రయం బయట ఇది కూర్చున్న వరుస, వచ్చిన వరుస మాత్రం ఇది కాదు, వచ్చిన వరుస ప్రకారం పెద్దావిడే మొదటిది, పొద్దున ఎనిమిదింటికే వచ్చానని ఆమె అడగకుండానే చెప్పింది, తాము ముగ్గురూ పదిన్నరకు వచ్చారు, కనుక హాజరు రాయవలసి వస్తే ఏ వరుసను ప్రమాణంగా తీసుకోవాలి అని ఆచార్య రంగనాథం గారు ఆలోచిస్తున్నారు, రాయమని ఆయనను ఎవరూ అడగలేదు, విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసి పదమూడేళ్ళయినా నలుగురు కూడిన ప్రతి చోటా ఆయన మనసు మొట్టమొదట చేసే పని ఇదే, వచ్చినవారి క్రమమే సరైనదని తేల్చుకొని, ముందు పెద్దావిడ, తర్వాత కారు నడిపిన ఎజాజ్, తర్వాత తాను, చివర వెనక తలుపు తీసుకొని దిగిన మాజిదా అని సరిచేసుకొని, ఇక రావలసినవాడు పరాంకుశం ఒక్కడే అని పట్టిక ముగించారు, ఆ పరాంకుశం ఎక్కిన బెంగుళూరు విమానం నలభై నిమిషాలు ఆలస్యమని బోర్డు మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి, ఆలస్యం పెద్ద ఇబ్బంది కాదు, వాడికి ఢిల్లీ విమానానికి మూడు గంటల వ్యవధి ఉంది, ఒకప్పుడు తన పక్క బల్ల మీద కూర్చొని తన నోట్సు చూసి రాసుకున్నవాడే ఇప్పుడు ఒక విద్వత్సభ వారి గ్రంథమాలకు సంపాదకుడు, ఈ ఏటి జాబితా ఈ నెలాఖరుకు ముగుస్తుంది రంగా, వ్రాతప్రతి చేతికిస్తే నేనే పట్టుకుపోతాను, లేకపోతే మళ్ళీ మూడేళ్ళకు, అని ఫోనులో అన్నాడు, మూడేళ్ళకు అన్న మాట వాడు మామూలుగానే అన్నాడు, డెబ్బై మూడేళ్ళ వయసులో దానిని మామూలుగా వినడానికి మాత్రం కొంత అభ్యాసం కావాలి, గాజు తలుపులు తెరుచుకున్నప్పుడల్లా లోపలి చల్లదనం ఒక పాయగా బయటికి వచ్చి ఫిబ్రవరి ఎండలో కలిసిపోతున్నది, కలిసిన తర్వాత దానిని మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు, ఈ ఒక్క ముక్క పిల్లలకు చెప్పడానికి ముప్పై నాలుగేళ్ళు పట్టింది.

సంచీలో ఉన్నది ఎనభై ఆరు పుటలు, ఆరేళ్ళ పని, శంషాబాదులో ఊరి చివర ప్రశాంతంగా ఉంటుందని ఇల్లు కట్టుకుంటే విమానాశ్రయమే వెతుక్కుంటూ వచ్చి ఎదుట నిలిచింది, అయినా పని ఆగలేదు, విమానం ఇంటి మీదుగా పోతున్నంతసేపూ కలం ఎత్తి పట్టుకోవడం, పోయాక దించడం, రాసిన దానికి వస్తువు స్పర్శ జ్యామితి, ఉష్ణగతిక శాస్త్రంలో దాని వినియోగం, ఇంటికి వచ్చినవారికి ఆయన దానిని పెంకుల కప్పుతో చెప్పేవారు, ఒక వాయువుకు శక్తి, ఎంట్రోపీ, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత, పీడనం అని అయిదు రాశులు, ఆ అయిదింటినీ అయిదు దిక్కులుగా పరిస్తే ఒక పెద్ద ఆవరణ, అందులో ప్రతి చోటా ఒక పెంకు, ప్రతి పెంకుకూ ఒక వాలు, ఆ వాలును నిర్ణయించేది ఉష్ణగతిక శాస్త్రపు మొదటి నియమం, పెంకులన్నీ ఒకదాని నుంచి ఒకటి మెలితిరిగి ఉంటాయి కనుక వాటన్నిటినీ తాకుతూ మందమైన దేనినీ పరచలేము, పలుచని రెండు దిక్కుల దుప్పటి ఒకటి మాత్రం పరచవచ్చు, అది తాకిన ప్రతి చోటా పెంకు వాలుకు సరిగ్గా ఒదుగుతుంది, ఆ దుప్పటే వాయువు నెమ్మదిగా, సమతాస్థితిలో ఉండగలిగిన చోటు, ప్రతి వాయువుకూ దాని దుప్పటి దానికి వేరు, ఇక ఆయన సిద్ధాంతం ఏమిటంటే, తాను కనిపెట్టిన ఒక ప్రమేయం ఆ ఆవరణలో ఒక ప్రవాహాన్ని పుట్టిస్తుంది, ఆ ప్రవాహం ఏ వాయువు దుప్పటి మీద మొదలైతే ఆ దుప్పటి మీదనే సాగుతుంది, ఎన్నడూ అంచు దాటి జారిపోదు, ఏ వాయువుకైనా సరే, ఏ వాయువుకైనా అన్న ఆ మాటలోనే పుస్తకం గౌరవమంతా ఉంది, విమానం రావడానికి ఇంకా వ్యవధి ఉంది కదా అని ఆయన సంచీ విప్పి ప్రతిని ఒళ్ళో పెట్టుకున్నారు, బొటనవేలితో ప్రతి పుటా తిప్పకుండా ఆయన ఏనాడూ ఏ కాగితాన్నీ ఎవరి చేతికీ ఇవ్వలేదు, మాజిదా పని శుభ్రంగా ఉంది, కళాశాలలో నాలుగు తరగతులు చెప్పి ఇంటికి పోయి రెండు రోజులకు ఒక పుట చొప్పున కంప్యూటరులో కూర్చింది, ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి, ఆయన బొటనవేలు అక్కడ ఆగింది, పుట మధ్యలో మూడు వరుసల మేర తెల్లని ఖాళీ, దాని పైన సమీకరణం ఉంది, కింద ఫలితం ఉంది, నడుమ ఉండవలసిన వాక్యం లేదు.

ఇది ఏమిటమ్మా, అక్షరాలు పడలేదు, అన్నారు, పడలేదు కాదు సార్, నేను కొట్టలేదు, అంది మాజిదా, దుపట్టా సవరించుకొని తల వంచుకొని అన్నా గొంతు మాత్రం వంగలేదు, ఆ వాక్యం తప్ప మీరు రాసింది రాసినట్టు కొట్టిన సార్, అది ఒక్కటి కొట్టనీకి చెయ్యి రాలేదు, పొద్దున కారు ఎక్కినప్పుడే చెబుదామనుకున్న, అన్న ముందర మీతో వాదం పెట్టుకోవద్దని ఊకున్న, ఆ వాక్యం ఏమిటో ఆయనకు కంఠస్థం, ఈ ప్రమేయం విలువ సమతాస్థితి తలం మీద స్పష్టంగా సున్నా అగును అని రాసుకున్నారు, ఆ స్పష్టంగా అన్న మాటకు సరైన స్థానం ఏదో ఆలోచించి మరీ రాశారు, ప్రమేయం విలువ దుప్పటి మీద సున్నా అయితేనే ప్రవాహం దుప్పటి దాటదు, ఎనభై ఆరు పుటలూ ఆ సున్నా మీద నిలబడి ఉన్నాయి, డిసెంబరులో ఈ పిల్ల ఆయన చేతిరాత ప్రతి పట్టుకొని ఇంటికి వచ్చింది, వరండాలో నిలబడి, సార్, ఇక్కడ సున్నా ఎట్ల అయిందో నాకు తెలుస్తలేదు అంది, చూడగలిగితే తెలుస్తుందమ్మా అన్నారు తాను, కూర్చోమనలేదు, పంచె చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళారు, ఆమె అంచున పెన్సిలుతో ఏదో చిన్నగా గీసి ఆ ఒక్క పుటను బల్ల మీద పెట్టి వెళ్ళింది, పెన్సిలు గీతలను ఆయన చదవరు, అభిప్రాయమున్నవారు సిరాతో రాయాలి, ఇది ఆయన నియమాలలో ఒకటి, ఆయన నియమాలు చాలా ఉండేవి, సార్, తొంభై ఏడులో అర్ధ సంవత్సర పరీక్షల నాకు రెండు మార్కులు కొట్టేసిన్రు, గుర్తుందా, అంటున్నది మాజిదా ఇప్పుడు, గుర్తు లేదు, గుర్తు ఉండవలసిన అవసరం లేదు, ఏటా నలభై మందికి కొట్టేసేవారు, నేను ఒక మెట్టు కాడ స్పష్టంగా అని రాసిన సార్, మీరు దాని కింద గీత గీసి ఎర్రసిరాతో పక్కన రెండు మాటలు రాసిన్రు, అని ఆమె ఆగింది, ఆ రెండు మాటలు ఆమె చెప్పలేదు, చెప్పనవసరం లేదు, ఆ రెండు మాటలూ ముప్పై నాలుగేళ్ళలో కొన్ని వేల సార్లు రాశారు, పరీక్ష హాలు బయట పిల్లలు ఆయన గొంతును అనుకరిస్తూ ఒకరితో ఒకరు అనుకునేవారు, ఎవరికి స్పష్టం.

జేబులో కలం ఉంది, పెన్ను మీ దగ్గరనే ఉంది సార్, మీ ఇష్టం, అని మాజిదా కూడా అంది, అందులో వ్యంగ్యం ఉందేమోనని వెతికారు, లేదు, మూడు వరుసల చోటు, ఆయన చేతిరాత చిన్నది, ఒక వరుసలో పడుతుంది, రాసేస్తే పరాంకుశం చూడడు, వాడు ఏ రోజూ రుజువులు చూసినవాడు కాడు, గ్రంథమాల వారు పంపే పరీక్షకులు నలభై ఒకటో పుట దగ్గరకు వచ్చేసరికి అలసిపోయి ఉంటారు, స్పష్టంగా అన్న మాట చూడగానే ఊపిరి పీల్చుకొని ముందుకు నడుస్తారు, ఆ మాట పుట్టిందే అందుకు, అయితే అది నిజంగా స్పష్టమే కావచ్చు కదా, తనకు స్పష్టంగా తోచింది కనుకనే రాశారు కదా, ఆరేళ్ళు కూర్చున్నవాడికి తోచనిది ఇంటరు పిల్లలకు లెక్కలు చెప్పుకునే అమ్మాయికి తోచడమేమిటి, ఈ ప్రశ్న మనసులో రాగానే దాని రూపం ఆయనకు నచ్చలేదు, ఇది లెక్కకు సంబంధించిన ప్రశ్న కాదు, లెక్క చేసి చూడవలసిన చోట మనిషిని చూస్తున్న ప్రశ్న, కాగితం కోసం వెతికితే ఖాళీ కుర్చీలో ఎజాజ్ పెట్టి వెళ్ళిన పార్కింగు చీటీ కనిపించింది, లేచి దానిని తెచ్చుకొని వెనక్కి తిప్పి కలం తీశారు, ప్రమేయం అంటే శక్తిలోంచి ఉష్ణోగ్రత రెట్లు ఒక స్థిరసంఖ్య తీసివేయగా వచ్చేది, అంతే, ఆదర్శ వాయువుకు శక్తి అంటే ఉష్ణోగ్రత రెట్లు ఆ స్థిరసంఖ్యే, తీసివేస్తే సున్నా, ఒక వరుసలో అయిపోయింది, చూశారా స్పష్టమే అని అనబోయి ఆగారు, ఆదర్శ వాయువు అంటే అణువులు ఒకదానినొకటి పట్టించుకోని వాయువు, ఒకటి పక్కన ఉన్నదో లేదో రెండవదానికి తెలియదు, పాఠం చెప్పడానికి అంత సుఖమైన వాయువు లేదు, ముప్పై నాలుగేళ్ళూ మొదటి ఉదాహరణగా దానినే చెప్పారు, చెప్పి చెప్పి వాయువు అంటే అదే అన్నట్టు చేతికి అలవాటయింది, నిజమైన వాయువులో అణువులు ఒకదానినొకటి లాగుతాయి, అప్పుడు శక్తిలో ఇంకొక పదం ఉంటుంది, ఆ లాగుడు బలాన్ని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది, ఋణ చిహ్నంతో, రెండవ వరుస, మూడవ వరుస, ఉష్ణోగ్రత పదాలు కొట్టుకుపోయాయి, నాలుగవ వరుసలో ఆ ఋణ పదం ఒక్కటే నిలబడింది, దానిని కొట్టివేయడానికి ఏమీ మిగలలేదు, డిసెంబరులో ఈ పిల్ల పెన్సిలుతో గీసింది ఇదే, చదవకపోయినా కంటికి ఆనిన ఆ చిన్న ఆకారం ఇప్పుడు గుర్తుకు వచ్చింది, ఘనపరిమాణం పెద్దదైతే ఆ పదం చాలా చిన్నది, చాలా చాలా చిన్నది, తాను వేసిన ప్రతి ఉదాహరణలోనూ అది కనబడనంత చిన్నదిగా ఉండి ఉంటుంది, చిన్నది సున్నా కాదు, ఇది కూడా తాను చెప్పిన మాటే, చిన్నదైనా సరే ప్రవాహం దుప్పటి మీంచి పక్కకు తొలగుతుంది, తొలగింది ఇక తొలగిందే, ఏ వాయువుకైనా అన్నది తప్పు, ఒక్క ఆదర్శ వాయువుకే నిజం, అంటే లోకంలో ఎక్కడా లేని వాయువుకు.

అరే సార్, గా చీటీ మీద రాస్తున్నరేంది, గేటు కాడ అడుగుతరు, అని ఎజాజ్ వచ్చాడు, పోలీసాయన కారును రెండు సార్లు జరిపించాడట, చీటీని చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు, దీన్ని చూస్తే గేటాయన నన్ను దవాఖానకు తోలుతడు సార్, అన్నాడు, తర్వాత చెల్లెలి ముఖం చూసి గొంతు తగ్గించి, క్యా హువా మాజిదా, సార్‌తోని లడాయి పెట్టుకున్నవా ఏంది, పొద్దుగాల్నే చెప్పిన, పెద్దమనిషి, బీపీ ఉన్నది, ఇయ్యాల్టి దినం జర జబాన్ సంభాల్కే, నోరు పైలం అని, లడాయి ఏం లేదు అన్నా, లెక్క, అంది మాజిదా, నీ లెక్కలే లడాయిలు, అమ్మీ గూడ అదే అంటది, అని ఎజాజ్ కూర్చోకుండానే బోర్డు వైపు పోయాడు, విమానం దిగినట్టుంది సార్, సామాను బెల్టు కాడ ఇంకో పావుగంట పడ్తది, పరేషాన్ కాకున్రి, అన్నాడు పోతూ పోతూ, పావుగంట, పావుగంటలో ఎనభై ఆరు పుటలు మారవు, కానీ మారవలసిన మాటలు కొన్నే, అవి చేతితో మార్చవచ్చు, శీర్షిక కింద ఆదర్శ వాయువులకు అని ఒక మాట, నలభై ఒకటో పుటలో రుజువు ఒక వరుస, ఉపోద్ఘాతంలో ఏ వాయువుకైనా అన్నచోట కొట్టివేత, పుస్తకం సన్నబడుతుంది, గౌరవం తగ్గుతుంది, అయినా తప్పు ఉండదు, జాబితాలో చోటు పోదు, మొదటి నుంచీ తన ఉద్దేశం అదే అన్నట్టు ఉంటుంది, ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేదు, మాజిదా చెప్పదు, ఆమె డిసెంబరు నుంచి ఎవరికీ చెప్పలేదు, తనతో తప్ప, ఈ ఆలోచన చల్లగా, సౌకర్యంగా వచ్చి కూర్చుంది, గాజు తలుపు లోంచి వచ్చే గాలి లాగా, గవి ఏం కాయిదాలు సారూ, భూమి కాయిదాలా, అని పెద్దావిడ అటు చివర నుంచి వంగి అడిగింది, కౌసల్యమ్మ అట ఆమె పేరు, మస్కట్టు నుంచి మరిది వస్తున్నాడట, కాదమ్మా, నేను రాసిన పుస్తకం అన్నారు, కథల పుస్తకమా, కాదు, వాయువుల గురించి, గాలి గురించి అనుకోండి, గాలి గురించి గింత రాసేదేముంటది సారూ అని ఆమె నిజంగానే ఆశ్చర్యపడింది, మాజిదా నవ్వు ఆపుకోవడానికి దుపట్టా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది, నేను భూమివే అనుకున్న, అంత పానంగ పట్టుకొని కూసున్నరు, మావి గూడ గట్లనే పట్టుకొని తిరిగినం, సర్వే చేసినాయన హద్దు రాయి పది అడుగులు అవుతల పాతిండు, మాకు మరిదోళ్ళకు రెండేండ్లు మాటలు లెవ్వు, గీ వచ్చేటాయనతోనే, పెండ్లికి పిలువలే, సావుకు పోలే, మరి తర్వాత ఏమైంది అని మాజిదా అడిగింది, ఏమైతది బిడ్డా, ఒకనాడు ఆ సర్వే ఆయననే వచ్చిండు, ఎవ్వరితోని మాట్లాడకుండ రాయి పీకి సక్కగ పాతి పోయిండు, మంచిదే కదమ్మా అన్నారు రంగనాథం గారు, తన గొంతు కొంచెం ఎక్కువ త్వరగా వచ్చిందని ఆయనకే అనిపించింది, ఏం మంచిది సారూ, రాయి జరిపిండు, తప్పు నాది అని ఒక్క మాట అనలే, మేమే దొంగతనంగ జరిపినమని మరిదోళ్ళు ఇంకో ఏడాది మాట్లాడలే, గా ఒక్క మాట అనుంటే మా పెద్దాయన ఇంత ఛాయ్ తాపి పంపుతుండె, అని ఆమె తలుపుల వైపు చూడసాగింది, ఎవరో పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకొని ముందుకు తోసుకు వస్తున్నారు, పెట్టెల బండి ఒకటి కీచుమంది.

రాయి జరపడానికి పావుగంట చాలు, మాట అనడానికి ఎంత పడుతుంది అని ఆయన మనసు అంచనా వేయబోయి, అంచనా వేయవలసినది కాదు కదా అని ఆగింది, సంచీ పక్కన కూర్చున్న ఈ మనిషి ఆరు నెలలు తన చేతిరాతను చదివింది, చదివినవారు ఆమె ఒక్కతే, తాను కూడా రాశారే తప్ప చదవలేదు, రెండు మార్కులు పోగొట్టుకున్న చోటును పద్నాలుగేళ్ళు జాగ్రత్తగా పట్టుకొని, అదే చోట తన గురువు కాలు జారితే, ఎవరికీ చెప్పకుండా, కొట్టివేయకుండా, దిద్దకుండా, మూడు వరుసలు వదిలిపెట్టింది, ఆయన గౌరవం పట్టేంత చోటు, అంతకన్నా మర్యాదగా ఎవరూ ఆయనను ఎన్నడూ దిద్దలేదు, అప్పుడు ఆయన ఎంతో కాలంగా తెలిసిన సంగతిని మొదటిసారి తెలుసుకున్నట్టుగా తెలుసుకున్నారు, ముప్పై నాలుగేళ్ళు ఎవరికి స్పష్టం అని తాను అడిగింది జవాబు కోసమే అయితే, ఆ జవాబు చెప్పడానికి ఇంత కాలానికి ఒక మనిషి వచ్చింది, వచ్చినప్పుడు తాను కూర్చోమనలేదు, అదుగో వాడే, పరాంకుశం, నెత్తి పూర్తిగా నెరిసింది, గాజు తలుపుల అవతల బండి తోసుకుంటూ తప్పు దిక్కుకు చూస్తున్నాడు, సార్, వచ్చిండు, అని ఎజాజ్ కేకవేశాడు, ఒక్క నిమిషం ఆగమను, అని రంగనాథం గారు ప్రతిని మోకాళ్ళ మీద సర్దుకొని కలం విప్పారు, అమ్మా మాజిదా, నీ పూర్తి పేరు చెప్పు, ఎందుకు సార్, చెప్పమ్మా, హాజరులో ఎస్ మాజిదా అని మాత్రమే పిలిచేవాణ్ణి, ఆ ఎస్ ఏమిటో అడగలేదు, సయ్యదా మాజిదా సుల్తానా సార్, అంది ఆమె, ఆయన ఒక్కొక్క అక్షరం సరిచూసుకుంటూ, పెన్సిలు కాదు, సిరాతో, శీర్షికలో మార్పు తర్వాత చేయవచ్చు, జాబితాలో చోటు ఉంటే ఉంటుంది, లేకపోతే మూడేళ్ళు, ముందు ఇది, అనుకుంటూ నలభై ఒకటో పుటలోని మూడు ఖాళీ వరుసలలో తన చిన్న చేతిరాతతో ఇలా రాశారు, ఈ మెట్టు ఆదర్శ వాయువుకు తప్ప మరే వాయువుకూ నిలవదు, నేను దీనిని స్పష్టమని రాసితిని, అది నా తప్పు. దీనిని కనుగొని, 2010 డిసెంబరులో నాకు తెలియజేసి, నేను వినకపోయినా తప్పును తన చేతితో అచ్చుకు ఎక్కించడానికి నిరాకరించినవారు శంషాబాదు వాస్తవ్యురాలు, గణితోపన్యాసకురాలు శ్రీమతి సయ్యదా మాజిదా సుల్తానా గారు. వారికి నా కృతజ్ఞతాపూర్వక నమస్కారములు.